పదిహేడో పేజీ

జిపారా చూపుడువేలికి బొబ్బ లేచింది. మంచు తవ్వితే లేచింది కాదు, కలం పట్టి లేచింది. కొండల మధ్య నరీన్ పట్టణంలోని ఉపాధ్యాయ కళాశాలలో ఆఖరి ఏడాది వాళ్లంతా బడిలో ఒక బిడ్డను ఎంచుకుని, ఆరు వారాలు గమనించి, ముప్పై పేజీలు చేత్తో రాయాలి. కంప్యూటర్లో కొట్టినదాన్ని, వాటిని దిద్దే కల్బూబూ మేడం ముట్టుకోదు. ఇది గట్టెక్కకపోతే పట్టా ఏడాది వెనక్కి పోతుంది, ఊరి బడిలో జిపారా కోసం ఆపి ఉంచిన ఉద్యోగమూ పోతుంది.

అయినా జిపారాకు దిగుల్లేదు. రెండో తరగతి ఉల్కాన్ మీద అప్పటికే ఇరవై ఎనిమిది పేజీలు నింపేసింది. నోరు విప్పని పిల్ల గురించి ఎంతైనా రాయొచ్చు, కాదనేవాళ్లుండరు. పదిహేడో పేజీ అంటే ఆమెకు మరీ ముద్దు: ‘జ్ఞాపకశక్తి బలహీనం. ఏడు తరాల తండ్రుల పేర్లు చెప్పమంటే కన్నతండ్రి పేరే వదిలేసింది. తరగతిలో సరిదిద్దితే మూగబోయింది.’ రిజిస్టరులో తండ్రి పేరు ఎర్మెక్ అని ఉంది. పిల్ల మాత్రం జుమాకాదిర్‌తో మొదలుపెట్టింది. ఏడు తరాలు అప్పజెప్పడం అక్కడ ప్రతి బిడ్డా ఇంట్లో నేర్చే మొదటి పాఠం. ఇంకేం సాక్ష్యం కావాలి?

బుధవారం కల్బూబూ మేడం ఆ కాగితాలు తిరగేసి తలెత్తింది. "పిల్ల ఇంటికి వెళ్లావా?"

"లేదు మేడం. దారంతా బురద..."

"ఆ బురదలోనే కదా అది రోజూ బడికొస్తోంది! ఇల్లు చూడకుండా పిల్ల గురించి రాయడం, గుర్రాన్ని చూడకుండా బేరమాడటం ఒకటే. వెళ్లిరా. శుక్రవారం మధ్యాహ్నానికి నా బల్ల మీద ఉండాలి."

సాయంత్రమే వెళ్లింది. ఒక ముసలమ్మ "రా తల్లీ, కూర్చో" అని నూనెలో వేయించిన పిండి ముక్కలు, బొర్సోక్‌లూ, మీగడా ముందుపెట్టి, పాల టీ సగం గిన్నె పోసింది. నిండా పోస్తే ఇక బయల్దేరమన్నట్టు కదా. మూల కూర్చున్న ముసలాయన జీనుపట్టీ కుడుతున్నాడు. ఉల్కాన్ పరుగున వచ్చి ఆయన వీపు మీద వాలింది.

"నాన్నా, మా బడి అక్క వచ్చింది!"

జిపారా నోటిదాకా వచ్చిన బొర్సోక్ అక్కడే ఆగిపోయింది. తొలిచూలు బిడ్డను తాతకూ నాయనమ్మకూ ఇచ్చేయడం, ఆ బిడ్డ వాళ్లనే అమ్మా నాన్నా అనడం ఆమెకు తెలియనిదా? సొంత మేనమామ అలా పెరిగినవాడే. కలం చేతికి రాగానే కళ్లు రిజిస్టరుకు అంటుకుపోయాయి.

"మరి ఎర్మెక్ ఎవరు?"

"అన్నయ్య. ఆదివారం వస్తాడు." ఆ తర్వాత పిల్ల ఎవరూ అడక్కుండానే జుమాకాదిర్‌తో మొదలుపెట్టి ఏడు పేర్లూ గడగడా చెప్పింది. తాతతో మొదలుపెట్టింది కాబట్టి తరగతిలో ఎవరికీ రాని తరం దాకా వెళ్లి ఆగింది.

జిపారా దాచలేకపోయింది. "తాతా, తప్పయిపోయింది. ఈ పిల్లకి జ్ఞాపకం తక్కువని రాశాను."

"మా పిల్లకా?" ముసలమ్మ నడుం మీద చేయి వేసుకుంది. "ఏ కోడి ఎక్కడ గుడ్డు పెట్టిందో అడుగు, చెప్తుంది!"

ముసలాయన జుమాకాదిర్ సూది ఆపాడు. "మీ ఏడుగురి పేర్లూ చెప్పు పంతులమ్మా, విందాం."

జిపారా ఉత్సాహంగా మొదలుపెట్టింది. అయిదో పేరు దాటాక వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. అయిదే వచ్చాయి.

"ముసలీ, కలం ఇలా తే," అన్నాడాయన. "జ్ఞాపకశక్తి బలహీనం అని రాసుకుందాం!" ఉల్కాన్ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు జిపారా ఆరు వారాల్లో ఒక్కసారీ వినలేదు.

పదిహేడో పేజీ ఒక్కటే మార్చి ఇచ్చేయొచ్చు. కానీ మిగతా పేజీలన్నీ దాన్ని పట్టుకునే నిలబడ్డాయి. అన్నీ చింపేసింది. గురువారం తరగతిలో అందరి ముందూ, "ఆ రోజు ఉల్కాన్ సరిగ్గానే చెప్పింది, తప్పు నాది" అంది. ఉల్కాన్ లేచి మళ్లీ ఏడు పేర్లూ, ఈసారి గట్టిగా, చెప్పింది. జిపారా కడుపు నిండిపోయింది. ఇంటికెళ్లి బొబ్బకు గుడ్డ చుట్టుకుని, తన తప్పుతోనే మొదటి పేజీ మొదలుపెట్టింది. తనకు అయిదు పేర్లే వచ్చాయన్న సంగతీ దాచలేదు. శుక్రవారం గడువుకు పది నిమిషాల ముందు ముప్పయ్యో పేజీ మేడం బల్ల ఎక్కింది.

సోమవారం కాగితాలు తిరిగొచ్చాయి. అట్ట మీద ఎర్రసిరాతో అయిదుకు అయిదు. కింద ఒక వాక్యం: ‘మిగిలిన రెండు పేర్లు చెప్పి పట్టా తీసుకెళ్లు.’

జిపారా మెట్ల మీదే నిలబడి తండ్రికి ఫోన్ చేసింది.

"అదెంత పని!" అన్నాడాయన. ఆరో పేరు చెప్పాడు. ఏడోదాని కోసం మళ్లీ మొదటి పేరు నుంచి గొణుక్కోవడం వినపడింది.

"నాన్నా?"

"ఉండవే, మీ పెదనాన్నని అడిగొస్తా."