చుట్టం మొవ్వు

చుట్టం మొవ్వు ఊడి నా చేతిలోకి వచ్చినప్పుడు నేను చేసిన మొదటి పని చుట్టూ చూడడం. ఎవరైనా చూశారా అని. అయ్యో అనుకోవడం, కంగారు పడడం, అవన్నీ తర్వాత. మనిషి గుణం అలాంటప్పుడే బయటపడుతుందంటారు. నాది పడింది.

చుట్టం అంటే మనిషి కాదు, చెట్టు. మా మేనమామ నీళ్ల శాఖలో మీటర్లు చూసి చూసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊరి వాళ్ల నీళ్లు లెక్కపెట్టిన మనిషి, దిగిపోయాక చుక్క నిలవని రాళ్ల నేల కొని అందులో తాటి జాతి చెట్లు పెంచడం మొదలుపెట్టాడు. తాడి, ఈత, కొబ్బరి లాంటివి కాదు. ఎక్కడెక్కడి ఎడారుల్లోనో పుట్టి, పేరు పలకాలంటే నోరు తిరగనివి. మొత్తం నలభై ఒకటి. ఒక్కోదాని మొదట్లో ఒక రేకు పలక, దాని మీద పేరు. ఆ పలకలు రాసేది నేనే. బోర్డులు రాయడం నా వృత్తి. దుకాణాలకి రాస్తాను, డాక్టర్లకి రాస్తాను, మామయ్య చెట్లకి రాస్తాను. మేడమీద గది నాది, కింది ఇల్లు ఆయనది. నాకు మొదటి బ్రష్షు కొనిచ్చిందీ, నిలవనీడ ఇచ్చిందీ ఆయనే.

పలక ఖాళీగా ఉన్నది చుట్టానికి ఒక్కదానికే. పదకొండేళ్ల కిందట ఎవరో పంపిన గింజల పొట్లంలో చీటీ లేదు. పన్నెండు గింజలు నాటితే ఒక్కటి మొలిచింది. ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి చుట్టం అన్నాడు మామయ్య. దాని కులగోత్రాలు కనుక్కోవడానికి ఆయన పడని పాట్లు లేవు.

"విసనకర్ర ఆకు. మట్ట అంచున ముళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయి. ఆకు మడతలో నీళ్లు పోస్తే నిలుస్తున్నాయి, జారడం లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆపైనే చిక్కంతా," అనేవాడు.

పాత ఆకులు చిన్నవి, పైగా వడగాలికి పీలికలైపోయాయి. ఈసారి వచ్చేదే మొదటి పెద్దాకు. అది చెక్కుచెదరకుండా విచ్చుకుంటే ఫొటోలు పంపమంది యూనివర్సిటీలో చెట్ల పాఠాలు చెప్పే మేడమ్ ఒకావిడ. చూసి పేరు చెప్పేస్తానంది. విచ్చుకోని ఆ ఆకే మొవ్వు. చెట్టు నడినెత్తిన బల్లెంలా నిలబడి ఉంటుంది. చుట్టం లాంటి చెట్లకి ప్రాణమంతా దాని అడుగునే. కొమ్మలు ఉండవు, పక్క చిగుళ్లు ఉండవు. ఆ అడుగు పూర్తిగా పోతే చెట్టు పోయినట్టే.

రెండు కళ్లకీ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ కావాలంటే, మామయ్య నెల రోజులకి మా పెద్దమ్మ వాళ్ల ఊరు వెళ్లాడు. వెళ్లేముందు తోటంతా తిప్పి చెప్పాడు. "ఎండ రాకముందే మొదట్లో నీళ్లు పెట్టు. నెత్తిన మాత్రం చుక్క పడకూడదు. ఈ వేడికి మొవ్వులో నీళ్లు నిలిస్తే ఉడికి కుళ్లిపోతుంది. అర్థమైందా?" మూడుసార్లు అడిగాడు. మూడోసారి నేను విసుక్కున్నాను కూడా.

నాలుగు రోజులు బుద్ధిగానే లేచాను. ఐదో రోజు నిద్ర లేచేసరికి పది దాటింది. అరికాళ్లు కాలే ఎండ. చుట్టం ఆకులు వాలిపోయినట్టు కనిపించాయి. మొదట్లో మట్టి తడవాలంటే గంట పడుతుంది, ఆ ఎండలో గంట ఎవరు నిలబడతారు? పైపు ఎత్తి నెత్తిన పట్టాను. ఆకులు నిగనిగలాడాయి, నాకూ హాయిగా అనిపించింది. మర్నాడూ అదే, ఆ తర్వాత వారమంతా అదే. జాలేసింది అని చెప్పుకున్నాను. అది బద్ధకం. పేర్లు రాసేదాన్ని కదా, దానికి జాలి అని పేరు రాశాను.

మామయ్య మొవ్వు మీదా, పక్కనున్న మట్ట మీదా కలిపి నల్లటి గీత ఒకటి గీశాడు. మొవ్వు లేచేకొద్దీ దాని మీది గీత పైకి జరుగుతుంది, మట్ట మీదిది ఉన్నచోటే ఉంటుంది. రెంటి మధ్య దూరమే ఎదుగుదల. రోజూ సాయంత్రం ఫోను చేసి అడిగేవాడు, "చుట్టం ఎంత లేచింది?" మూడు రోజులుగా గీత కదలకపోతే, ఏమైందా అని మెల్లగా లాగి చూశాను. పుల్ల ఊడినట్టు వచ్చేసింది. అడుగంతా గోధుమరంగు జిగురు. పులిసిపోయిన కంపు.

పరుగెత్తి మామయ్య నోటుపుస్తకం తీశాను. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, తప్పు చదివానని చెప్పుకోవడానికి కూడా లేదు. "మొవ్వు ఊడిన వారంలోపు లోపల శుభ్రంగా తుడిచి, మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు పోస్తే పదింట ఏడు బతుకుతాయి. వారం దాటితే ఆశ లేదు." మైలుతుత్తం కొట్టంలోనే ఉంది, సున్నమూ ఉంది. కానీ ఆ మందు పోస్తే నెత్తంతా నీలంగా మరక పడుతుంది, నెలలు గడిచినా పోదు. ఏం జరిగిందని మామయ్య అడుగుతాడు. ఎందుకు కుళ్లిందని అడుగుతాడు.

మొవ్వు అడుగు కడిగి, ఆరబెట్టి, మళ్లీ దాని చోట్లో నిలబెట్టాను. దాని మీది గీతని నిన్నటి ఎత్తుకే తెచ్చాను.

ఆ సాయంత్రం ఫోనులో "కాస్త నిదానించింది మామయ్యా," అన్నాను. ఆయన గొంతు దిగులుపడింది. ఆ దిగులు వినలేక మర్నాడు మొవ్వుని చిటికెన వేలి మందాన పైకి లాగాను. అబద్ధానికి ఒక మెట్టు దొరికితే ఎక్కడం తేలికే. రెండు రోజులకోసారి లాగడం, సాయంత్రం చెప్పడం. "ఈ ఎండలో అంతా!" అని మామయ్య పొంగిపోవడం. కంటికి కట్టుతో పడుకున్న మనిషి పెద్దమ్మని పిలిచి మరీ చెప్పేవాడు, చుట్టం లేస్తోందని. నాకు అన్నం సహించేది కాదు. ఆరో రోజు మైలుతుత్తం డబ్బా తెచ్చి చెట్టు దగ్గర నిలబడ్డాను, మూత కూడా తీశాను. రేపు అనుకున్నాను. ఏడో రోజు ఒక బట్టల దుకాణం బోర్డు ఉందని పొద్దున్నే బయటపడ్డాను. అది అంత తొందర పని కాదు, వచ్చేవారం ఇచ్చినా సరిపోయేది. ఎనిమిదో రోజు ఇక చెయ్యాల్సింది ఏమీ లేదని తెలిసి, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఊపిరి పీల్చుకున్నాను.

మామయ్య నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చాడు. చూపు ఇంకా మసకే. సంచీ గుమ్మంలో పడేసి నేరుగా చుట్టం దగ్గరికే. మొవ్వు పోయినా పాతాకులు చాలాకాలం పచ్చగానే ఉంటాయి, పోయిన సంగతి వాటికి ఆఖర్న తెలుస్తుంది. ఆయన మొహం దగ్గరగా పెట్టి గీతలు పోల్చుకుని, జేబులోంచి స్కేలు తీసి నన్ను చదవమన్నాడు. చదివాను.

"ఏ వేసవిలోనూ ఇందులో సగం కూడా లేవలేదే! ఏం చేశావే?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నెత్తిన నీళ్లు పోశాను మామయ్యా. ఎండకి జాలేసి," అనేశాను. తిడతాడనుకున్నాను. కాస్త తిట్టించుకుంటే నా భారం కాస్తయినా దిగుతుందని ఆశ.

ఆయన నవ్వాడు. "ఇన్నేళ్లూ తప్పు చేశానన్నమాట! నువ్వు చెయ్యి పెట్టకపోతే తెలిసేదే కాదు." నా తలమీద చెయ్యి వేశాడు.

మర్నాడు పది గంటలకి కిందినుంచి నీళ్ల చప్పుడు. కిటికీలోంచి చూస్తే మామయ్య స్టూలు ఎక్కి, తోటలోకెల్లా పెద్దదాని నెత్తిన పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది ఈ నేలలో ఆయన నాటిన మొదటి చెట్టు. పక్కనున్న రెండు చెట్లు అప్పటికే తడిసి మెరుస్తున్నాయి. మసక కళ్లతో ఒళ్లంతా తడిసిపోయి, చిన్నపిల్లాడిలా నవ్వుకుంటున్నాడు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. "ఆపు మామయ్యా! చచ్చిపోతాయి! చుట్టం చచ్చిపోయింది!"

"ఏంటే?"

మాటలతో చెప్పే ధైర్యం లేక వెళ్లి మొవ్వు పట్టుకుని పైకి తీశాను. బారెడు ఆకు, కింద ఏమీ లేకుండా వచ్చేసింది. ఆయన స్టూలు దిగి, దాన్ని అందుకుని, అడుగు వాసన చూశాడు.

"గీతలో?"

"నేనే లాగాను. రెండు రోజులకోసారి."

ఆయన నా వైపు చూడలేదు. "ముందు ఆ మూడింటి సంగతి చూడాలి. గుడ్డలు పట్రా," అన్నాడు. నిచ్చెన వేసి, మూడు చెట్ల నెత్తిన నిలిచిన నీళ్లని గుడ్డలకి అద్ది అద్ది తీశాను. ఆయన కింద కూర్చుని మైలుతుత్తం ఒక బకెట్లో, సున్నం ఇంకో బకెట్లో కలిపి, రెంటినీ కలిపి వడకట్టి అందించాడు, నేను పోశాను. మధ్యాహ్నం దాకా మా మధ్య "ఇంకొంచెం", "చాలు" తప్ప మాటల్లేవు. మూడూ బతుకుతాయనే అన్నాడు చివరికి, నీళ్లు గంటసేపైనా నిలవలేదు కాబట్టి.

నీలం పట్టిన చేతులతో అరుగుమీద కూర్చున్నాం. చుట్టం మొవ్వు ఆయన ఒళ్లో ఉంది. పేరు రాయని పలక ఎదురుగా కనిపిస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కాసేపు చూసి, నా వీపు నిమిరాడు.

"ఊరుకో. అది ఊడిన రోజే నువ్వు చెప్పినా చేసేదేం లేదులే. మొవ్వు ఊడిందంటే చెట్టు పోయినట్టే. మందులూ మాకులూ పనిచెయ్యవు."

ఆయన అబద్ధం ఆడగా నేను వినడం అదే మొదటిసారి. అది నాకోసం ఆడాడు. ఆ మాట పట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ నిమిరే చెయ్యి వీపుమీద నిప్పులా ఉంది, దాన్ని భరించడం నావల్ల కాలేదు.

"లేదు మామయ్యా. వారంలోపు మందు పోస్తే బతుకుతుందని నీ పుస్తకంలోనే ఉంది. ఊడిన రోజే చదివాను. చదివే ఊరుకున్నాను."

ఆయన చెయ్యి ఆగిపోయింది. నల్లద్దాలు తీసి, చాలాసేపు పంచె చెంగుతో తుడిచాడు.

"ఆ ఒక్కటీ నీ దగ్గరే ఉంచుకోవాల్సిందమ్మా," అన్నాడు.