నలభై ఒకటో మనిషి

"తాండ్ర పెట్టడానికి నీకు ఈ కాయితాలే దొరికాయా?"

సవరయ్య పళ్ళెం కింద నుంచి కాగితాలు లాగాడు. ఓ మూలంతా జిగురు.

"అదేమన్నా పొలం దస్తావేజా?" అంది ఇన్నమ్మ. "ఇంగ్లీషు కాయితం. నీకూ రాదు, నాకూ రాదు."

"అందులో నేనున్నానే."

"ఏదీ పేరు?"

"పేర్లు వెయ్యరు. నలభై ఒకటో మనిషిని నేనని డాక్టరమ్మే చెప్పారు."

"ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను, నీకో నంబరుందని ఇవాళే తెలిసింది!"

నర్సింగు చదువుతున్న కూతురు జెరూషా నవ్వి, ఆ వరస వెతికి చదివింది. యాభై ఆరేళ్ళు. కుడి మణికట్టు విరిగింది. కారణం, కొమ్మ వంగడం. మామిడిచెట్ల మీద నుంచి పడిన ఎనభై మంది గురించి నూజివీడులో ఎముకల డాక్టరమ్మ లీదియా గారు రాసి అచ్చు వేయించిన వ్యాసం అది.

"ఇంకోటి కూడా వేశారు నాన్నా. ఎందుకు పడ్డారో తెలియని వాళ్ళని తొమ్మిది మందిని చూస్తే, ఐదుగురికి గుండె లయ తప్పుతోందట. వాళ్ళకి ఛాతీలో చిన్న మిషన్ పెట్టారు. ముగ్గురు మళ్ళీ పనికి వెళ్తున్నారు."

సవరయ్య విననట్టే తలగుడ్డ చుట్టుకుని బయల్దేరాడు.

లక్ష్మీనారాయణ గారి తోటలో అది ఆఖరి కోత. పెద్ద రసాల చెట్టు పడమటి కొమ్మకి సున్నం గీత పెట్టి ఉంది. చెట్టు మొదలుకి రంపం ఆనించి ఉంది.

"వంగి మనుషుల్ని పడేసే కొమ్మలు తీసెయ్యమన్నారు డాక్టరమ్మ. పోయినేడు నువ్వు పడింది దీని మీంచేగా! కాయ కోసి దిగు, కోయించేస్తా" అన్నారు లక్ష్మీనారాయణ గారు.

సవరయ్య ఎక్కాడు. అరికాళ్ళు బెరడులాగే ఉంటాయి. ముంజేతుల నిండా ముప్ఫై అయిదేళ్ళ సొన కాల్చిన మచ్చలు. రెండు కాళ్ళూ కొమ్మ మీద మోపి గట్టిగా ఊపాడు. కిర్రుమని కూడా అనలేదు.

పడిన రోజూ అనలేదు. కాయ అందుకోబోతుంటే చెవుల్లో హోరు, కళ్ళ ముందు చీకటి. తెలివి వచ్చేసరికి ముక్కు మీద చీమలు పాకుతున్నాయి. కళ్ళు తిరిగాయంటే ఏ తోటలోనూ చెట్టెక్కనివ్వరు, కింద కూర్చుని కాయలు ఏరుకోవాలి. అందుకే డాక్టరమ్మ దగ్గర నెపం కొమ్మ మీద పెట్టాడు. ఈ నెలలో ఆ హోరు మళ్ళీ రెండుసార్లు వచ్చింది.

"కొమ్మ గట్టిదేనండీ. కొయ్యకండి."

"మరెలా పడ్డావయ్యా?"

సవరయ్య కొమ్మ నిండా కాయ ఉండగానే దిగేశాడు. పనిలోకి వచ్చాక అలా దిగడం అదే మొదలు.

మధ్యాహ్నం ఇంట్లో అన్నాల దగ్గర పప్పు కలుపుతూ, కలుపుతూ ఆగాడు.

"నేను పడింది కొమ్మ వల్ల కాదు. కళ్ళు తిరిగి పడ్డా. డాక్టరమ్మకి అబద్ధం చెప్పా. దాన్ని పట్టుకుని మంచి కొమ్మ కోసెయ్యబోయారు."

ఇన్నమ్మ గరిటె గిన్నెలో పెట్టి, అతనికి ఎదురుగా కూర్చుంది.

"రేపెళ్ళి ఉన్నమాట చెప్తా. గుండె చూస్తామంటే చూపించుకుంటా. వాళ్ళు ఎక్కమన్నదాకా చెట్టెక్కను. కాయలు ఏరతా."

"అచ్చయింది కూడా దిద్దుతారు నాన్నా," అంది జెరూషా మెల్లగా.

ఇన్నమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, అతనికి ఇంకో గరిటె అన్నం వేసింది.

"మొదటి బస్సుకే పోదాం. నేనూ వస్తా. ఒక్కణ్ణి పంపితే, ఈసారి నెపం నిచ్చెన మీద పెట్టి వస్తావు."