రాజంపేట టైము

నేను ఒక చేతిగడియారాన్ని. రోజూ పొద్దున కీ ఇస్తేనే నడుస్తాను. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి చెవి దగ్గర పెట్టుకుని విని నవ్వింది. ఆ నవ్వుతోనే నా బతుకు మొదలైంది.

మొదట రాజంపేట బస్టాండులో కంట్రోలరు పెంచలయ్య చేతికెక్కాను. ఏ బస్సు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది రాసుకోవడం ఆయన పని. చేరిన టైములోంచి బయల్దేరిన టైము తీసేస్తే ప్రయాణం ఎంతో తేలుతుంది. తిరుపతి పోవడానికి ఎంత పడితే తిరిగి రావడానికీ అంతే. ముప్పై ఏళ్లలో ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదు. అలాంటి లెక్కను మనుషులు దేవుడి పటం పక్కన పెట్టుకుంటారు.

భర్త పోయిన చెల్లెలు ఓబుళమ్మ వంటపనికి కువైట్ పోతుంటే, ఆయన నన్ను విప్పి ఆమె చేతికి కట్టాడు.

"ముల్లు తిప్పొద్దు మే. మన టైమే ఉండనీ. నాగవేణి కాలేజీకి ఎప్పుడు పోతాందో నీకు ఆడుండే తెలుస్తాది."

నాగవేణి ఆమె ఒక్కగానొక్క కూతురు.

మద్రాసులో విమానం లేచినప్పుడు నాలో తొమ్మిది. కువైట్‌లో దిగినప్పుడు రెండున్నర. అక్కడి గోడ గడియారంలో మాత్రం పన్నెండే! ఆ పన్నెండే ఆమె అన్నకు ఫోనులో చెప్పింది. పెంచలయ్య డైరీలో రాసుకున్నాడు: 'కువైట్, మూడు గంటలు.'

మూడేళ్లకు నాగవేణి పెళ్లి కుదిరింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి ముహూర్తం. అమ్మ రాకుంటే పీటల మీద కూర్చోనని పిల్ల పట్టుబట్టింది. ఓబుళమ్మకు అదే మొదటి సెలవు.

"ఆదివారం పొద్దున ఎనిమిదికి విమానముంది గదా," అన్నాడు పెంచలయ్య ఫోనులో. "పదకొండుకు దిగుతావు. మూడుకల్లా ఇంట్లో ఉంటావు."

"లేదన్నా. పోయేటప్పుడు నా చేతిది అయిదున్నర గంటలు నడిచింది."

"అది ముసల్దయింది, పరిగెత్తింటాది. నాకే టైము చెప్తావా?"

ముసలిదన్నందుకు నాకు కోపం వచ్చింది. ఓబుళమ్మ నన్ను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. తర్వాత యజమానురాలిని బతిమాలి, శనివారం ఎనిమిదింటి విమానమే ఎక్కింది.

ఆ శనివారం పెంచలయ్య మద్రాసు విమానాశ్రయం బయట పదకొండింటి నుంచి నిలబడ్డాడు. విమానం నాలుగింటికి దిగింది. చెల్లెలు కనబడగానే అరిచాడు.

"అయిదు గంటలు లేటు! ఈ విమానానికి కంట్రోలరు ఎవరు మే? పిలువు వాన్ని!"

ఓబుళమ్మ నవ్వి నన్ను చూపించింది. "ఆడ ఎనిమిదైతే ఈడ పదిన్నరన్నా. మన పొద్దు ముందు, వాళ్ల పొద్దు ఎనక. లేచినప్పుడు ఇందులో పదిన్నర, దిగినప్పుడు నాలుగు. పోను అయిదున్నర, రాను అయిదున్నర. నీ లెక్క తప్పు గాదు. గడియారాలే రెండు."

పెంచలయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ముఖం పాలిపోయింది. "రేపు ఎక్కింటే, ముహూర్తానికి నువ్వు మద్రాసు కూడా దాటుండవు మే!" అని డైరీ తీసి 'మూడు గంటలు' కొట్టేశాడు. దారి పొడుగునా ఇద్దరూ తలుచుకుని తలుచుకుని నవ్వారు.

మర్నాడు సాయంత్రం పందిట్లో పురోహితుడు టైమెంతని అడిగాడు. అలవాటుగా అందరూ పెంచలయ్య వైపు తిరిగారు. ఆయన తన కొత్త గడియారం ఉన్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

"మా చెల్లెల్ని అడగండి సామీ."

ఆడవాళ్ల వెనక ఎక్కడో నిలబడ్డ ఓబుళమ్మకు దారి వదిలారు. ఆమె పీటల దాకా వచ్చింది. నాగవేణి తలెత్తి చూసింది.

"ఆరుకు రెండు నిమిషాలు," అంది ఓబుళమ్మ, పందిరంతా వినబడేలా.

ఆ రెండు నిమిషాలూ నేను చాలా జాగ్రత్తగా నడిచాను.