పారేసిన పదకొండు సెకన్లు

ప్రయోగశాల నుంచి ఎవరు ఇంటికి వచ్చినా పెద్దసారు భార్య మొట్టమొదట అడిగే మాట ఒకటే: “మా సవతి ఎలా ఉంది?” సవతి అంటే ఆయన చేతులారా కట్టుకున్న గామా కిరణాల టెలిస్కోప్. ఆ కిరణాలు నేల దాకా రావు, దారిలోనే గాలి మింగేస్తుంది. అందుకని టెలిస్కోప్‌ను పెద్ద బెలూన్‌కు వేలాడదీసి, గాలి పల్చబడేంత ఎత్తుకు పంపాలి. పద్దెనిమిదేళ్ళలో ఐదుసార్లు పంపాడు. అంత సేవ చేయించుకున్న సవతి ఆకాశంలో ఒక్క పెద్ద నక్షత్రపు పేలుడునైనా చూసిన పాపాన పోలేదు.

ఐదోసారి ఎగిరే ముందు, ఆయన దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు అందులో ఒక నియమం పెట్టింది. టెలిస్కోప్‌లో ఎనిమిది స్ఫటికాలుంటాయి. గామా కిరణం తగిలితే ఒక్కటే మెరుస్తుంది. అక్కరలేని విశ్వకిరణాల జల్లు తగిలితే అన్నీ ఒకేసారి మెరుస్తాయి. కాబట్టి మూడుకు మించి ఒకేసారి మెరిస్తే అది చెత్త. యంత్రమే పారేస్తుంది.

“పారేసేది కూడా ఓ పక్కన దాచమ్మా,” అన్నాడు పెద్దసారు.

“చోటు చాలదు సార్. అయినా చెత్త దాచుకుని ఏం చేసుకుంటాం?”

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె పని మీద ఆయనకంత గురి.

బెలూన్ చక్కగా ఎగిరింది, చక్కగా దిగింది. వారం తర్వాత ఉపగ్రహాలవాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. బెలూన్ పైన ఉన్న రోజే, ఉదయం పది నలభైకి, పదకొండు సెకన్ల పాటు భారీ పేలుడు. సరిగ్గా టెలిస్కోప్ చూస్తున్న వైపే! పెద్దసారు పరుగులాంటి నడకతో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ పదకొండు సెకన్లలో ఏమీ లేదు.

సాయంత్రానికల్లా ఆమెకు సంగతి అర్థమైంది. గామా కిరణాలు ఎంత దట్టంగా కురిశాయంటే ఎనిమిది స్ఫటికాలూ ఒకేసారి మెరిశాయి. ఆమె నియమం వాటన్నిటినీ చెత్త కింద జమకట్టి పారేసింది. ఎన్ని పారేసిందో ఆ అంకె ఒక్కటే మిగిలింది: నాలుగు లక్షల పైచిలుకు. మామూలుగా అంతసేపట్లో వంద కూడా దాటదు.

చెప్పేద్దామని ఆయన గది గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమె గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. రేపు చెబుదామనుకుంది. ఇంట్లో భర్త “చెప్పావా?” అని అడిగితే కసిరింది. రేపు కాస్తా ఎల్లుండైంది, ఎల్లుండి నెలైంది. తప్పు చేయదని పేరు తెచ్చుకున్నవాళ్ళతో వచ్చే చిక్కే ఇది. తప్పు దిద్దుకోవడం కన్నా పేరు కాపాడుకోవడం ముందు గుర్తొస్తుంది.

తర్వాతి బెలూన్ ఎవరికివ్వాలో తేల్చడానికి మీటింగ్ పెట్టారు. పెద్దసారు రిటైరయ్యేలోగా ఎగిరేది అదొక్కటే. ఆయన పట్టుబట్టి అడుగుతాడనుకున్నారంతా.

ఆయన లేచి, “నా టెలిస్కోప్ గుడ్డిదైపోయిందండీ. కళ్ళెదుట జరిగింది కూడా కనబడలేదు. బెలూన్ వేరేవాళ్ళకివ్వండి,” అన్నాడు.

ఆమె పక్క కుర్చీలోనే ఉంది. ఒక్క మాట అంటే సరిపోయేది. గ్లాసు అందుకుని నీళ్ళు తాగింది.

ఇక ఎగరని టెలిస్కోప్‌ను విప్పడానికి రెండు వారాలు పట్టింది. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆమె వర్క్‌షాప్‌కి వెళ్ళేసరికి ఎనిమిది స్ఫటికాలూ ఎనిమిది పెట్టెల్లో ఉన్నాయి. కాలేజీలకు పంచిపెడుతున్నారు. పెద్దసారు తనే కూర్చుని చీటీలు రాస్తున్నాడు: ‘పాడైనది. విద్యార్థులకు చూపించడానికి మాత్రమే.’

అప్పుడు చెప్పింది. ఏడుస్తూ, తడబడుతూ, ఆ అంకెతో సహా అంతా చెప్పింది.

“ఎనిమిదీ మెరిశాయా?” అన్నాడాయన.

“ఎనిమిదీ సార్.”

ఒక్క క్షణం ఆయన మొహం పసిపిల్లాడి మొహంలా వెలిగింది.

“నియమం సంగతి వదిలెయ్. నేనైనా అదే పెట్టేవాణ్ణి. నీకెప్పుడు తెలిసింది?”

“కబురొచ్చిన రోజు సాయంత్రమే.”

ఆయన పెన్ను తీసుకుని మొదటి చీటీ మీద ‘పాడైనది’ అన్న మాట కొట్టేశాడు. తర్వాత రెండోది. సాయం చేద్దామని ఆమె ఇంకో పెన్ను తీసింది. ఆయన చీటీలను తన వైపుకి లాక్కున్నాడు.

“పదిమంది ముందు దాన్ని గుడ్డిదన్నాను,” అన్నాడు తలెత్తకుండా. “నువ్వు పక్కనే కూర్చుని నన్ను అననిచ్చావు.”