హైమావతి పేరు చెప్పిన తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. ఇనుప తాళాలు తీసేదాన్ని కాదు. బొటనవేలంత ఉంటాను, కంప్యూటరుకు గుచ్చుతారు. ఊరికి మంచినీళ్ళిచ్చే పంపుహౌసు యంత్రాలతో మాట్లాడనిచ్చే ముందు ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒక్కటే అడుగుతుంది: నువ్వెవరు? నా నడుమనున్న చుక్కను తాకితే నేను జవాబిస్తాను: హైమావతి. తాకిన వేలు ఎవరిదో నాకు తెలియదు. నన్ను అలాగే చేశారు.

ఆ సంగతి హైమావతికి తెలుసు. అందుకే నన్ను నల్లదారంతో మెడలో వేసుకునేది. మంచినీళ్ళకు లేచినా వెంట తీసుకెళ్ళేది. ఇది నా సంతకం, ఎవరికీ ఇవ్వనని తన కింద పనిచేసే జరీనాతో అనేది.

ఆమె కామెర్లతో పోయింది. నియమం ప్రకారం ఆమె పేరు తీసేసి నన్ను రద్దు చేయాలి. ఇంజనీరు వెంకటరత్నం ఒప్పుకోలేదు. ఆమె హస్తవాసి మంచిదట, ఆ పేరు మీద అన్నీ సాఫీగా నడుస్తున్నాయట, కదిపితే అశుభమట. నన్ను దేవుడి పటం పక్కన మేకుకు తగిలించారు. దసరాకు కుంకుమ పెట్టారు. దాన్ని గౌరవమన్నారు. బద్ధకానికి అంత అందమైన పేరు నేనెక్కడా వినలేదు.

దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం, నీళ్ళలో క్లోరిన్ తగ్గిందని హెచ్చరిక మోగింది. మోగుతూనే ఉంది. వెంకటరత్నం క్రికెట్ చూస్తున్నాడు. విసుక్కుంటూ లేచి, నన్ను గుచ్చి, చుక్క తాకాడు. హైమావతి వచ్చిందన్నాను. ఆయన మోత ఆపేసి మళ్ళీ ఆట ముందు కూర్చున్నాడు.

ఆ వారం మేదరవీధి పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు.

విచారణ వచ్చింది. హెచ్చరికను ఆపింది హైమావతి అని వెంకటరత్నం నివేదిక తయారుచేశాడు. ఆపిన తేదీ మాత్రం వేయలేదు. సంతకం కోసం జరీనా ముందు పెట్టాడు.

"హైమక్క దసరాకు ముందే పోయింది కదా సార్."

"అందుకేగా అమ్మా. పోయినావిడకి మెమో ఇవ్వరు. నీకిస్తారు, నాకిస్తారు. పెట్టెయ్."

"ఆవిడ పిల్ల మా వీధి బళ్ళోనే చదువుద్ది సార్. రేపు దాన్ని, నీళ్ళు పాడుచేసినామె కూతురంటారు."

పిల్లలు అన్నీ మర్చిపోతారని చెప్పి ఆయన టీ తాగాడు.

జరీనా ఆ కాగితం మీద సంతకం చేయలేదు. వేరే కాగితం తీసుకుని హైమావతి పోయిన తేదీ, హెచ్చరిక ఆగిన తేదీ పక్కపక్కన రాసింది. కింద తన పేరు పెట్టి విచారణాధికారి చేతికే ఇచ్చి వచ్చింది. తరువాత తన తాళంచెవితో కంప్యూటరు తెరిచి హైమక్క పేరు తీసేసింది. చున్నీ కొసతో నా కుంకుమ తుడిచి, ఒకసారి గుచ్చి చూసింది.

నువ్వెవరు?

నేను ఎప్పటి జవాబే చెప్పాను. ఈ పేరుతో ఎవరూ లేరని తెర మీద వచ్చింది. జరీనా నన్ను బయటికి లాగింది.

ఇప్పుడు ఆమె సొరుగులో ఉన్నాను. నల్లదారం ఇంకా నాకే ఉంది. హైమావతి లేదు. ఇంత చిన్న మాట ఆ యంత్రానికి ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.