వరహాలమ్మ చేతి బొట్టు

నేను ఒక తోలు సోఫానని బిల్లు మీద రాశారు. రాసినవాడు నన్ను పుట్టించినవాడు కాడు గనుక అతన్ని తప్పుపట్టను. నాలో తోలున్న మాట నిజమే. ఎక్కడ ఉందన్నదే అసలు సంగతి. నా రెండు చేతుల మీదా, తల ఆనించే పైపట్టీ మీదా ఉన్నది నిఖార్సయిన గేదె తోలు. మనిషి కూర్చునే చోటా, వీపు ఆనించే చోటా ఉన్నది వేరు. చెప్పులూ బెల్టులూ కోయగా మిగిలిన తుక్కును పొడిచేసి, బంకతో గుడ్డకు అంటించి, పైన పలచటి ప్లాస్టిక్ పొర పరిచి, తోలు మీద ఉండే సన్నగీతలు అచ్చు గుద్దారు. రెండింటికీ ఒకే రంగు పూశారు. ఆ తర్వాత నన్ను నేను చూసుకున్నా తేడా తెలియలేదు.

కార్ఖానాలో దీన్ని ఎవరూ మోసమనుకోలేదు. కొనేవాడు షాపులోకి రాగానే ఏం చేస్తాడో వాళ్ళకు బాగా తెలుసు. సోఫా చేతి మీద అరచెయ్యి వేసి రుద్దుతాడు. వేలితో నొక్కుతాడు. మరీ జాగ్రత్తపరుడైతే వంగి వాసన కూడా చూస్తాడు. కూర్చునేది ఒకచోట, పరీక్షించేది ఇంకోచోట. మనుషుల తెలివి మీద నాకు గౌరవం కుదరకపోవడానికి ఇదొక కారణం.

తాడేపల్లిగూడెం త్రిమూర్తులు వంగి వాసన చూసిన బాపతు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా బస్సు సీటు రెక్సిన్ మీదే గడిచింది. ఎండాకాలంలో లేచేటప్పుడు చొక్కా సీటుకు అంటుకుని చర్రున ఊడివచ్చేదట. నడుం ఎటూ పోయింది, ఇకనుంచైనా తోలు మీద కూర్చోవాలని ఆయన కోరిక. ఏలూరు షోరూంలో కుర్ర సేల్స్‌మన్ చేతులు కట్టుకుని నిలబడి, "అంతా ప్యూర్ లెదరేనండి. ఐదేళ్ళు వారంటీ అండి. మీరు నిశ్చింతగా కూర్చోండి" అన్నాడు. త్రిమూర్తులు నా చెయ్యి నిమిరి, పక్కనున్న భార్యవైపు చూసి తలాడించాడు. అలా నేను గూడెం చేరాను.

ఇక ఆయన భార్య వరహాలమ్మ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథ నాది కాదు, ఆవిడ చేతిది. ఆవిడ చెయ్యి మంచిదని ఆ వీధిలో పేరు. ఎవరు కొత్త స్కూటరు కొన్నా, కుట్టుమిషను కొన్నా, గ్యాస్ పొయ్యి మార్చినా ముందు వరహాలమ్మ వచ్చి బొట్టు పెట్టాలి. త్రిమూర్తులు సర్వీసంతా ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదు. ఏటా దసరాకు తన బస్సు స్టీరింగుకు పెళ్ళాం చేత బొట్టు పెట్టించేవాడు. ఆవిడకు వీలుకాకపోతే ఆవిడ తడిపిన పసుపే పొట్లం కట్టించుకుని డిపోకు తీసుకెళ్ళేవాడు. తోటి డ్రైవర్లు నవ్వేవాళ్ళు, నవ్వి ఆ పొట్లంలోంచి చిటికెడు అడిగి తీసుకునేవాళ్ళు. ఆవిడకు వేరే గొప్పలేవీ లేవు. పిల్లలు లేరు, నగలు లేవు, ఆ చెయ్యే ఉంది.

నన్ను హాల్లో దించగానే ఆవిడ కాళ్ళు కడుక్కుని వచ్చింది. పసుపు తడిపి నా రెండు చేతుల మీదా, పైపట్టీ మీదా గుండ్రంగా అద్ది, దాని నడుమ కుంకుమ పెట్టింది. కూర్చునే చోట పెట్టలేదు. "అక్కడ పెడితే మీ పంచెకి అంటుద్ది" అంది. నన్ను చేసినవాళ్ళెవరూ నాకు అంత మర్యాద చెయ్యలేదు. అది ఎంత బాగుండిందో నేను మాటల్లో చెప్పలేను.

రెండో వేసవికి నా సీటు పొరలుపొరలుగా లేచింది. ముందు చిన్న పగులు, తర్వాత గోధుమరంగు పొట్టు. త్రిమూర్తులు లేచి నిలబడితే ఆయన పంచె నిండా, మెడ వెనకా పొట్టే. ఎండలో ఒళ్ళు పొలుసులు రాలే మనిషిలా అయిపోయాను. నేను ఆరు నెలలకే రాలడం మొదలుపెట్టకుండా పళ్ళ బిగువున ఓర్చుకున్నానని మాత్రం నమ్మండి. ఆయన ఫోన్లో కంపెనీ నంబరు తిప్పాడు. అటునుంచి పాట వినిపించింది, ఒకటి నొక్కమన్నారు, మళ్ళీ పాట వినిపించింది. చివరికి ఒకతను వచ్చి నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్ళాడు. అతను సీటుకంటే నా చేతుల మీది ఎర్రటి బొట్లను ఎక్కువసేపు చూశాడు.

జవాబు ఫోనుకే వచ్చింది. త్రిమూర్తులు హాల్లో నిలబడి బయటికి చదివాడు. వాడకందారు సోఫాకు పసుపు, కుంకుమ వంటి రంగు పదార్థాలు పూసినందువల్ల పై పొర దెబ్బతిన్నది, కనుక వారంటీ వర్తించదు. చదవడం మొదలుపెట్టాక మధ్యలో ఆపడం ఆయనకు చేతకాలేదు. వరహాలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది.

"నా వల్లేనాండీ?" అని అడిగింది.

"ఛ, ఊరుకో. వాళ్ళేదో కాకమ్మ కబుర్లు చెబుతున్నారు."

"చదువుకున్నోళ్ళు కదండీ. ఊరికే రాత్తారా?"

ఆ మాట ఇంట్లోనే ఆగితే బాగుండేది. పక్కింటివాళ్ళు వచ్చి నన్ను చూసి ఏమైందని అడిగితే ఆవిడే చెప్పేసింది. దాచుకోవడం రాని మనిషి. ఆ తర్వాత ఎదురింటివాళ్ళు కొత్త ఆటో తెచ్చుకుని బొట్టు వాళ్ళ అత్తగారి చేత పెట్టించుకున్నారు. వాళ్ళు మనసులో ఏమనుకున్నారో నాకు తెలియదు, బహుశా ఏమీ అనుకోలేదు. వరహాలమ్మ కిటికీ దగ్గర నిలబడి అది చూసి, వచ్చి నా మీద కూర్చోకుండా నేల మీద కూర్చుంది.

అప్పుడు త్రిమూర్తులుకు కోపం వచ్చింది. సోఫా పోయినందుకు కాదు. "నాకు డబ్బులొద్దండి, కొత్త సోఫా కూడా వద్దు. బొట్టు వల్ల పాడైందన్న ఆ ఒక్క మాట తీసెయ్యండి చాలు" అని ఫోన్లో అడిగేవాడు. అటువైపు వాళ్ళకు ఆ కోరిక అర్థమయ్యేది కాదు. ఏ నొక్కుడు నంబరు కిందా అది లేదు. ఏలూరు షోరూంకు వెళ్తే చేతులు కట్టుకుని నిలబడ్డ సేల్స్‌మన్ ఆయన్ని గుర్తుపట్టనే లేదు. తిరగ్గా తిరగ్గా, ఇంకోసారి మనిషిని పంపుతాం, అదే ఆఖరు అన్నారు. ఈ తిరుగుళ్ళన్నీ ఆయన ఒక్కడే తిరిగాడు. సోఫా మాట ఇంట్లో ఎత్తితే ఆవిడ బాధపడుతుందని ఇంట్లో ఆ ఊసే మానేశాడు. ఆవిడేమో, తన మీది కోపంతోనే ఈయన మాట్లాడటం లేదనుకుంది.

ఒక మధ్యాహ్నం త్రిమూర్తులు నా మీద కూర్చుని, ఏదో ఆలోచిస్తూ బొటనవేలితో నా చేతి మీది బొట్టును రాస్తున్నాడు. రాస్తున్నవాడల్లా ఆగాడు. వంగి చూశాడు. కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూశాడు. రెండో చెయ్యి చూశాడు, లేచి వెనక్కి వచ్చి పైపట్టీ చూశాడు. బొట్టు పెట్టిన మూడుచోట్లా తోలు గట్టిగా, నున్నగా, కొన్ననాటిలా ఉంది. బొట్టు పెట్టనిచోటే పొట్టు రాలుతోంది. అంత పెద్దమనిషి ఒక్కడే కూర్చుని నవ్వాడు. "ఇన్నాళ్ళూ సాక్షిని ఎదురుగా పెట్టుకుని ఊరంతా తిరిగానురా" అని నా చెయ్యి తట్టాడు. నాకు నోరుంటే ఆ క్షణంలోనే ఆవిణ్ణి పిలిచేదాన్ని.

ఆయన పిలవలేదు. తను చెబితే ఓదార్పు కోసం చెప్పాడనుకుంటుందని ఆయన భయం. ఆ కంపెనీవాడి నోటితోనే, ఆవిడ వింటుండగానే, బొట్టు వల్ల కాదమ్మా అనిపించాలి. అందుకని దాచుకున్నాడు. పిల్లలకు తెచ్చిన మిఠాయి పొట్లం వీపు వెనక దాచుకున్నట్టు ఆ సంగతి దాచుకుని, ఆ రాత్రి ఈలపాట కూడా పాడాడు. ఈలపాట విని ఆవిడ ఇంకా దిగులుపడింది.

మొదట ఫొటోలు తీసుకెళ్ళిన కంపెనీ ఇన్‌స్పెక్టరే మళ్ళీ వచ్చేరోజు ఉదయం ఆయన అతన్ని తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళాడు. తలుపు మూసి రాగానే వరహాలమ్మ చీరకొంగు నడుముకు బిగించింది. నిమ్మచెక్క, వంటసోడా, గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చుకుని నా ముందు కూర్చుంది.

"ఆ మచ్చలుంటేనే కదా వాళ్ళు అనేది. అసలు మచ్చే లేకపోతే ఏం అంటారు? ఈయన పరువైనా దక్కుద్ది" అంది. నాతోనే అంది, ఇంట్లో ఇంకెవరూ లేరు.

అమ్మా, వద్దు తల్లీ అని నేను అరవలేదు, అరవలేను. నా పుట్టుకలో ఉన్న లోపాలన్నిటిలోకీ అదే పెద్దది. ఆవిడ రుద్దింది. కుంకుమ కరిగి ఎర్రగా కారింది. కొంగుతో తుడిచి మళ్ళీ రుద్దింది. మధ్యమధ్య ఏడ్చింది. కుంకుమతోపాటు నా చేతుల మీది నునుపూ పోయింది, తోలు గీరుకుపోయి తెల్లగా నూగు లేచింది. మూడుచోట్లా శుభ్రంగా ముగించి, చేతులు కడుక్కుని టీ పెట్టడానికి లేచింది. చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖంలో కాస్త తేట కనిపించింది.

త్రిమూర్తులు ఇన్‌స్పెక్టరును లోపలికి తెస్తూనే మొదలుపెట్టాడు. "సీటు తర్వాత చూద్దురుగాని బాబూ. ముందు ఈ చేతులు చూడండి. బొట్టున్న చోటు చూడండి. వరహాలూ, నువ్వూ ఇలా రా."

ఆయన నావైపు చూడకుండానే, ఆవిడవైపు చూస్తూ అన్నాడు. ఇన్‌స్పెక్టరు వంగి నా చెయ్యి తడిమాడు. చెడ్డవాడేం కాదు, నిదానస్తుడు. "ఇదేంటండీ, ఇంకా తడిగానే ఉంది? ఎవరో పీచుతో గట్టిగా రుద్దేసినట్టున్నారే. కిందటిసారి ఈ డ్యామేజీ లేదు కదండీ" అన్నాడు.

త్రిమూర్తులు తిరిగి చూశాడు. నన్ను చూశాడు. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్యను చూశాడు. ఆవిడ గోళ్ళ సందుల్లో కుంకుమ ఎరుపు ఇంకా ఉంది. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి ఎదురుగా లారీ వస్తే ఆలోచించే వ్యవధి ఎంతుంటుందో అంతే ఆయనకు దొరికింది. నిజం చెబితే వాదం నిలబడుతుందేమో. కానీ చెప్పాలంటే, తన్ను నిర్దోషిని చేసే సాక్ష్యాన్ని తన చేత్తోనే చెరిపేసిందని ఆవిడకు తెలియాలి. చెప్పకపోతే ఆ బొట్టు నింద ఆవిడ మీద అలాగే ఉండిపోవాలి. ఎటు తిప్పినా బండి ఆవిడ మీదికే పోతోంది.

"నేనేనండి" అన్నాడు. "నేనే రుద్దాను. మచ్చ పోద్దేమోనని."

"అలా చెయ్యకూడదండీ. నేనింక చేసేదేం లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, నిజంగానే నొచ్చుకుంటూ. అతను టీ తాగి వెళ్ళాడు.

వరహాలమ్మ ఖాళీ గ్లాసులు తీసింది. "మీరెందుకండీ మీ మీద వేసుకున్నారు?" అని మాత్రం అడిగింది. ఆయన మూడుచోట్లా తోలు బాగుండిందన్న సంగతి ఇక ఎన్నడూ చెప్పలేదు. ఆ తర్వాత ఫోనూ చెయ్యలేదు, ఏలూరూ వెళ్ళలేదు.

దసరా వచ్చింది. ఆవిడ పసుపు తడిపి, కుంకుమ భరిణె తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీరు పెట్టండి. నా చెయ్యి ఇంక దేనికీ వద్దు" అంది. ఆయన బతిమాలాడు, కసురుకున్నాడు, చివరికి లేచాడు. గ్రైండరుకు, ఫ్యానుకు, పాత సైకిలుకు వంకరటింకరగా బొట్లు పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "దానికొద్దండీ" అంది ఆవిడ. ఆయన వినిపించుకోకుండా ఈసారి నా సీటు మీదే పెట్టాడు. ఆ బొట్టు పొట్టుతోపాటు లేచి నేల మీద రాలింది. ఆవిడ చీపురు తెచ్చి ఊడ్చింది.

ఇప్పుడు నేను కాలవగట్టు మీద పాతసామాన్ల రేకులషెడ్డులో, విరిగిన బీరువాకూ తుప్పు కూలరుకూ మధ్య ఉన్నాను. సీటు మొత్తం ఊడిపోయింది, కింద స్పాంజి ఎలుకలు పట్టుకుపోతున్నాయి. ఇక్కడికి వచ్చేవాళ్ళు కూడా ముందు నా చేతులే తడిమి చూస్తారు. వరహాలమ్మ స్టీలు పీచు అందని చోటొకటి నాలో మిగిలింది. కుడిచేతి కుట్టు సందులో సన్నటి పసుపు గీత. దాని చుట్టూ తోలు ఇవాళ్టికీ గట్టిగానే ఉంది. ఆ ఇంటినుంచి ఎవరైనా వచ్చి చూస్తే బాగుండునని మొదట్లో అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవడం లేదు. ఆ వీధిలో కొత్త స్కూటర్లకు బొట్టు ఎవరు పెడుతున్నారో ఏమో.