ఎనిమిది వేల ఆమెన్

మా ఎదురింటి ఆన్షెల్ మహా నిష్ఠాపరుడు. యెరూషలేములో అంతటి నిష్ఠ ఇంకెవరికైనా ఉంటే వాళ్లకో దణ్ణం పెట్టి దూరంగా జరుగుతాను. పోయిన చలికాలం నా దగ్గర ఎనిమిది వేల షెకెళ్లు చేబదులు తీసుకున్నాడు. మా యూదుల్లో అప్పుకి వడ్డీ నిషిద్ధం. డబ్బే కాదు, అప్పుకి ముందు చెయ్యని మర్యాద తర్వాత చేసినా అదీ వడ్డీ కిందికే వస్తుంది. ఆన్షెల్ అంతకుముందు నన్ను పలకరించిన పాపాన పోలేదు. ఇక ఆ బాధ్యత ధర్మమే తప్పించింది. మెట్ల మీద నేను ఎదురైతే గోడకేసి తిరిగి నిలబడేవాడు.

నేను తుంటి విరిగి నాలుగో అంతస్తులో మంచాన పడి ఉండగా నా భార్య గితెల్ సంవత్సరీకం వచ్చింది. ఆమె కోసం కద్దిష్ ప్రార్థన చదవాలి. పదిమంది మగవాళ్లు లేనిదే చదవడానికి లేదు. పొద్దు గుంకితే ఆ రోజు వెళ్లిపోయినట్టే. ఎనిమిది మంది ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. నాతో తొమ్మిది. కిటికీలో ఎండ ఎర్రబడుతోంది. ఎదురింటికి కబురు పంపాను.

ఆన్షెల్ వచ్చి గడప అవతలే ఆగిపోయాడు.

"లోపలికెలా వస్తాను యెకిల్ గారూ? మీ ఇంట్లో ప్రార్థనకి నేనెప్పుడైనా వచ్చానా? ఇప్పుడొస్తే వడ్డీ కట్టినట్టు కాదూ!"

"ఓరి నీ నిష్ఠ తగలెయ్య! ఆమెన్ అనడం కూడా వడ్డీయేనా? మన గురువు రబ్బీ వింటే నీ చెవి మెలేస్తాడు!"

"అయితే రేపు ఆయన్నే అడిగొస్తా."

రేపు! రేపు చదివితే గితెల్‌కి ఏం లాభం? నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

"ఆ ఎనిమిది వేలూ వదిలేశాను. వీళ్లంతా సాక్షులు. తగలడు లోపలికి!"

ఒక్క దూకు దూకాడు. కద్దిష్ చదివాను. ఆన్షెల్ ఆమెన్ వీధి చివరిదాకా వినిపించింది.

నేను చేతికర్రతో నడవడం మొదలెట్టాక ఓ రోజు తలుపు కొట్టాడు.

"ఓ మూడు వేలు సర్దుతారా?"

"ముందు నెల్లాళ్లు రోజూ పలకరించు. నా కూరగాయల సంచి పైకి మోసుకురా. అలవాటయ్యాక ఇస్తా. అప్పుడది వడ్డీ కాదు, అలవాటు."

ఆన్షెల్ గడ్డం నిమురుకున్నాడు.

"అమ్మో, అప్పు కోసం ముందే కట్టే వడ్డీ అవుతుందండీ! అదీ నిషిద్ధమే."

తలుపు మొహం మీదే వేసేశాను. ఇదివరకెప్పుడూ అలా వెయ్యలేదు. అయినా ఫరవాలేదు, మా మధ్య ఇప్పుడు అప్పు లేదుగా.